మూడోసారి అడగని కుండ

1

మా నూకరత్నం ఊరి ఉమ్మడి వలకి పెద్ద వలకత్తె అయిందండోయ్! ముందు గాలి చెప్పాలి, తరవాత మంచు, ఆ తరవాత అలలు, అప్పటికీ ఊపిరి మిగిలితే ఇంకేదైనా. ప్రతి తెప్పవాడూ రోజూ ఈ గొట్టంలో చిట్టా చెప్పాలన్నది రేవు ఆఫీసు నియమం. నాకు తెలియక కాదు. గొట్టం దగ్గర నోరు పెట్టేసరికి ఇదే ముందు దూకింది. గాలి ఎటో ఒకవైపు వీస్తూనే ఉంది లెండి.

పొద్దున్న కప్పు మీదికెక్కి ఎండపలకలకి పట్టిన ఉప్పు గీకుతున్నాను. కింద నుంచి మా ఆవిడ పైడమ్మ కేకేసింది. ఉమ్మడి సంఘం నుంచి తూనీగ వచ్చి ఊయల కొక్కెం మీద వాలిందట. ఆ అరచేతంత యంత్రం రెక్కలు విదిల్చి, గొంతు సవరించుకుని మరీ చెప్పింది: "చోడిపల్లి సింహాచలం గారి కూతురు నూకరత్నం గారిని పెద్ద వలకత్తెగా తీసుకోవాలని సంఘం నిశ్చయించింది." కూతురి పేరుకి ముందు నా పేరు కూడా చెప్పింది చూశారూ, అక్కడే నా కాలు జారింది. నేను పడలేదు గానీ గీకుడురేకు సముద్రంలో పడింది. పడనీ. అడుగున ఎప్పుడో మునిగిపోయిన రోడ్డు మీద ఏ చేపకో ఉపయోగపడుతుంది.

సముద్రం మీద తేలే ఊరు మాది, తెప్పలవాడ. చుట్టూ నీళ్ళే, గొంతులో పోసుకోడానికి చుక్క ఉండదు. తాగే తీపినీళ్ళన్నీ పొగమంచు నుంచి పట్టుకోవాల్సిందే. ఇన్నాళ్ళూ మంచువలలన్నీ నీలిధార కంపెనీవే. వాళ్ళు తెరిచినప్పుడు కొళాయి, వాళ్ళు మూసినప్పుడు దాహం. ఈ ఏడు ఊరంతా చేతులు కలిపి సొంతంగా ఒక వల అల్లుకుంది. మా పిల్ల కంపెనీలో చిన్నప్పట్నుంచీ చేసిన పని ముగించుకుని, చెప్పాల్సినవాళ్ళకి చెప్పి, మర్యాదగానే బయటికొచ్చింది. ఆ వల ఇప్పుడు దాని చేతిలో పెట్టారు.

నేనేం చేశానంటారా? ఇంటికి నెలకిచ్చే తూనీగ కబుర్లన్నీ ఆ పూటే ఖర్చు పెట్టేశాను. మా పెద్దక్క సూరమ్మకి, తమ్ముడు గంగులుకి, తోడల్లుడికి, మా అత్తగారికి రెండుసార్లు, ఎందుకంటే ఆవిడకి మొదటిసారి వినిపించదు.

"వల మీద ఇంకా చెయ్యే పెట్టలేదు, అప్పుడే ఊరేగింపా?" అంది పైడమ్మ.

అంటుంది. ఆవిడ పుట్టింటివాళ్ళంతా అంతే, అన్నం ఉడికాక కూడా మెతుకు నొక్కి చూసేరకం.

2

గాలి తూర్పు. మంచు దట్టం. అలలు తక్కువ. ఈవేళ వరసగా చెప్పాను, ఎందుకంటే ఆ తరవాత చెప్పాల్సింది చెప్పబుద్ధి కావడం లేదు.

ఊరంతా కుండలు పట్టుకుని ఉమ్మడి తెప్ప మీదికొచ్చింది. నేను పప్పుండల పళ్ళెం పట్టుకుని అందరికన్నా ముందు నిలబడ్డాను. నూకరత్నం చెప్పులు విప్పి, కొంగు బిగించి స్తంభం ఎక్కింది. ఎక్కుతుంటే దాని మడమలు చూసి నా పక్కనున్న ముసలాయనతో, అవి మా అమ్మ మడమలండీ అని చెప్పాను. ఆయన ఏమీ అడగలేదు పాపం.

ఇప్పటి వలలు మా కాలంలోలాగా నైలానుతో అల్లినవి కావు. తెలివినూలు. మంచొస్తే కళ్ళు విప్పుతుంది, ఉప్పుతుంపర వస్తే మూసుకుంటుంది. కానీ దానంతటది లేవదు. తెల్లారగానే వలకత్తె అరచెయ్యి వెయ్యాలి. ఆ చెయ్యి ఎవరిదో నూలుకి తెలుసు. నచ్చిన చెయ్యి పడితే పసిబిడ్డ ఒళ్ళు విరుచుకున్నట్టు వలంతా ఒక్కసారి విచ్చుకుంటుంది. మా పిల్ల చెయ్యి వేసిన వల విచ్చుకోకపోవడం నేనెన్నడూ చూడలేదు.

చెయ్యి వేసింది. వల కదల్లేదు. తడి చెయ్యేమో అనుకుని తుడుచుకుని మళ్ళీ వేసింది. కదల్లేదు. అప్పుడు స్తంభం మొదట్లో ఉన్న తక్కెడ మాట్లాడింది. తక్కెడంటే తూచేది కాదు, ఊళ్ళో ఒప్పందాలన్నీ దాచే యంత్రం. ఏ వలైనా దాని మాటే వింటుంది.

"ఈ చేతికి కట్టు ఉంది. నీలిధార వారి వల తప్ప మరో వల ముట్టరాదు. గడువు పన్నెండేళ్ళు."

నూకరత్నం దిగి వచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు. మంచు మా అందరి మధ్య నుంచీ, ఆ నిద్రపోతున్న వల పక్క నుంచీ తీరుబడిగా వెళ్ళిపోయింది. జనం ఖాళీ కుండలు పట్టుకుని వెనక్కి తిరిగారు. నా చేతిలో పళ్ళెం అలాగే ఉంది. ఎవరికివ్వాలో తెలియక నేనే రెండు ఉండలు తినేశాను. మనిషి బుద్ధి ఎంత గొప్పదో చూడండి.

3

గాలి తూర్పు. మంచు పలచన.

ఆ కట్టు సంగతి నాకు గుర్తుంది. మరిచిపోదామన్నా పైడమ్మ ఒప్పుకోదు.

ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. మనిషిని పనిలో పెట్టుకునేవాళ్ళు ఆ ఇంటికి ఒక కుండ తీపినీళ్ళు తెచ్చి ఇవ్వాలి. ఇంటివాళ్ళు పుచ్చుకోవాలి. అప్పుడే మాట ముడిపడినట్టు. నూకరత్నం మొదట కంపెనీలో చేరినప్పుడు కుండ వచ్చింది, మేం పుచ్చుకున్నాం, ఆ నీళ్ళతో పైడమ్మ పెట్టిన చేపల పులుసు ఇప్పటికీ నా నాలుక మీదుంది.

కిందటేడు కంపెనీ గుమాస్తా జోగారావు మళ్ళీ కుండతో పడవ దిగాడు. నెమ్మదైన మనిషి, ఎదురుగా కూర్చుంటే తన నీడ కూడా మనమీద పడకుండా సర్దుకుంటాడు. కొత్త షరతు ఒకటుందని, వలకత్తెలందరూ వేస్తున్నారని, ఒక్క వేలిముద్ర చాలని చెప్పాడు. నూకరత్నం అప్పుడే పని నుంచొచ్చింది, తడిబట్టలతోనే వేలు వేసి లోపలికెళ్ళింది. జోగారావు కుండని గడప దగ్గర పెట్టి, పుచ్చుకోండి బాబాయ్ గారూ అన్నాడు.

నా నోరు నా మాట వినదు కదా. "అయ్యో, ఎందుకండీ ఇవన్నీ, మనలో మనకి" అన్నాను.

అలా అనకండి, పుచ్చుకోండి అన్నాడు.

"వద్దండీ, ఇంట్లో నిండుగా ఉన్నాయి" అన్నాను. ఇంట్లో కుండ అడుగు కనిపిస్తోంది ఆవేళ. గరిట వేస్తే చప్పుడొస్తోంది.

మన మర్యాద మీకు తెలుసు. మొదటిసారి అడగ్గానే పుచ్చుకుంటే ఆబ. రెండోసారికి పుచ్చుకుంటే తొందర. మూడోసారి అడిగితే, సరే మీరంతగా అంటుంటే అని పుచ్చుకోవాలి. నేను మూడోసారి కోసం చేతులు కొంచెం చాచి కూడా ఉంచాను. జోగారావు, మీది పెద్ద మనసు బాబాయ్ గారూ అని కుండ ఎత్తుకుని పడవెక్కేశాడు. నేనేం తక్కువ తిన్నానా? పరిగెత్తుకెళ్ళి ఆయన పడవలో ఎండు నెత్తళ్ళ చేపల మూట పడేశాను. ఆయన రెండుసార్లు వద్దన్నాడు, నేను మూడోసారి అన్నాను, పుచ్చుకున్నాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో నీళ్ళు తగ్గినప్పుడల్లా పైడమ్మ, నిండుకుండని తిప్పి పంపిన మహారాజుగారిని పిలవండి అంటుంది. పిలవడానికి మూడో మనిషి లేకపోయినా అంటుంది.

ఈవేళ మా బావమరిది ఎర్రయ్య కూడా వచ్చాడు. వాడి తెప్ప మా తెప్పకి తాడుతో కట్టి ఉంటుంది, అందుకని వాడి ఎత్తిపొడుపులకి పడవ ఖర్చు లేదు. వాడి కోడలూ కంపెనీలో వలకత్తే, అదే కట్టు.

"కుండైనా పుచ్చుకుని కట్టేస్తే ఒక అందం బావా. నువ్వు బంగారంలాంటి పిల్లని ఊరికే కట్టేశావు" అన్నాడు.

వాడు వెళ్ళాక నాకో బదులు తోచింది గానీ అంత బాగాలేదు.

4

గాలి మారింది. మంచు ఫరవాలేదు. చిట్టాలు వినే అమ్మాయి రేవు ఆఫీసు నుంచి కబురు పెట్టింది: తాతగారూ, వాతావరణం మాత్రమే చెప్పండి. అమ్మా, మా ఇంట్లో వాతావరణమే చెబుతున్నాను.

పొరుగు ఊళ్ళ చుట్టాలందరికీ శుభవార్త చెప్పి ఉన్నాను కదా. ఇప్పుడది కాదని చెప్పాలి. తూనీగలు అయిపోయాయి. తెడ్డు వేసుకుని నేనే బయల్దేరాను. పెద్దక్క సూరమ్మ నన్ను చూడగానే మెటికలు విరిచి దిష్టి తీసి, మన వంశంలో పెద్ద వలకత్తె అని ఏడ్చింది. ఏడుస్తున్నావిడతో ఏం చెప్పను? గంగులు వాళ్ళు అప్పటికప్పుడు పీతలు వండి, కొత్త తువ్వాలు భుజాన కప్పారు. తువ్వాలు కప్పుకుని ఏం చెప్పను? తోడల్లుడు లేడు, వాళ్ళావిడ ఎండురొయ్యలు కట్టి ఇచ్చింది. పొద్దుగూకేసరికి ఒక్కరికీ నిజం చెప్పకుండా, అందరి దీవెనలూ, పడవలో సగానికి తినుబండారాలూ వేసుకుని ఇల్లు చేరాను.

నూకరత్నం పడవలోకి చూసి అంది, "నాన్నా, ఇంకో నాలుగిళ్ళు తిరిగొస్తే ఈ నెలకి కూరలు కొనక్కర్లేదు."

నవ్వింది గానీ కళ్ళు నవ్వలేదు. అది ఇప్పుడు నాచు కోతకి వెళ్తోంది. కొడవలి పట్టి పట్టి వేళ్ళు పగిలాయి. వలకత్తె వేళ్ళు మెత్తగా ఉండాలి, లేకపోతే నూలు గుర్తుపట్టదు. టీ తాగుతూ కూర్చున్నప్పుడు చూశాను, గ్లాసు చుట్టూ వేళ్ళు వాటంతటవే ముడులు వేస్తున్నాయి. నన్ను చూసి ఆపేసింది. పన్నెండేళ్ళు ఆ వేళ్ళు అలా గాలికి ముడులు వేస్తూ ఉంటే చివరికి ఏం గుర్తుంటుంది?

ఊరికీ అంతే. ఉమ్మడి వల లేవకపోతే మళ్ళీ కంపెనీ కొళాయే. అందుకని సంఘంవాళ్ళూ, నూకరత్నమూ కలిసి భ్రమరాంబ టీచరు దగ్గర ఫిర్యాదు పెట్టారు. ఊళ్ళో పిల్లలకి చదువు చెప్పేదీ ఆవిడే, తక్కెడలో పడ్డ ఒప్పందం చెల్లుతుందో లేదో తీర్పు చెప్పేదీ ఆవిడే. రెండు పనులకీ ఒకే బెత్తం.

నేనూ మాట్లాడతానని పేరిచ్చాను. నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి, ఒక వాదన తట్టింది. ఒక్క కుండ నీళ్ళెక్కడ, పన్నెండేళ్ళ బతుకెక్కడ? తూకం సరిపోతుందా? ఇది కోళ్ళగంప ముందు నిలబడి వల్లె వేశాను. కోళ్ళు శ్రద్ధగా విన్నాయి. పుంజు మాత్రం మధ్యలో లేచిపోయింది.

ఒకటే భయం. కుండ తిప్పి పంపిన సంగతి ఊరందరి ముందూ బయటపడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఇంట్లో అడుగంటిన కుండ పెట్టుకుని నిండుగా ఉన్నాయన్నవాడని పిల్లలు కూడా పాట కడతారు. అందుకని తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి, ఆ ముక్క మాత్రం అక్కడ ఎత్తబోమని నాకు మాటివ్వండి అన్నాను. నూకరత్నం నా మొహం చూసి, సరే నాన్నా అంది. పైడమ్మ, ఇచ్చాంలే మాట అని పొయ్యి వైపు తిరిగింది.

5

గాలి లేదు. మంచు లేదు. రేపు తీర్పు. ఇంకేం లేదు.

6

గాలి గురించి ఎవరైనా చూసి ఉంటే వాళ్ళ చిట్టాలో వినండి. నేను చూడలేదు.

ఉమ్మడి తెప్ప జనం బరువుకి ఒకవైపు ఒరిగిపోతే, లావుగా ఉన్నవాళ్ళని రెండోవైపు కూర్చోమని భ్రమరాంబ టీచరు సర్ది కూర్చోబెట్టింది. ఎర్రయ్య నా వెనకే కూర్చున్నాడు. కంపెనీ తరఫున జోగారావు ఒక్కడే వచ్చాడు, మెడ దగ్గర బిగించిన గుండీతో.

మొదట నన్నే పిలిచారు. కోళ్ళకి చెప్పిందంతా చెప్పాను. కుండెక్కడ, పన్నెండేళ్ళెక్కడ అన్నచోట చెయ్యి కూడా ఊపాను. టీచరు చివరిదాకా విని, ఓపిగ్గా చెప్పింది. ఎంత ఇచ్చారన్నది తక్కెడ చూడదట. పిడికెడు ఉప్పయినా చాలట, ఇష్టపడి పుచ్చుకుంటే. తక్కువకి బేరమాడుకున్నవాడి తెలివితక్కువతనానికి న్యాయం పూచీ పడదట. అటు నుంచి ఏదో ఒకటి ఇటు రావాలి, ఇటు నుంచి ఏదో ఒకటి అటు వెళ్ళాలి. అంతే చూస్తుందట. దాన్నే ప్రతిఫలం అంటారని చెప్పింది. కూర్చోండి అంది. కూర్చున్నాను. నా ఒక్క బాణమూ నా కాళ్ళ దగ్గరే పడింది. ఇంకేముంది, పిల్ల పని అయిపోయిందనుకున్నాను.

టీచరు జోగారావు వైపు తిరిగి, పన్నెండేళ్ళు వేరే వల ముట్టనని ఈ అమ్మాయి మాటిచ్చింది, బదులుగా కంపెనీ ఏమిచ్చింది అని అడిగింది. ఉద్యోగం ఇచ్చామండీ అన్నాడాయన. ఆ ఉద్యోగం అప్పటికే ఆమెది, దానికి మొదట్లోనే కుండ ఇచ్చి పుచ్చుకున్నారు, పెట్టిన అన్నాన్నే మళ్ళీ చూపించి ఇంకోసారి పెట్టానంటే కుదరదు అంది టీచరు. పని నేర్పించామండీ అన్నాడు. అది ఎప్పుడో నేర్పారు, ఈ మాట అడిగింది కిందటేడు, అయిపోయిన ఉపకారంతో కొత్త బేరం కట్టలేం అంది. వేలిముద్ర ఉందండీ అన్నాడు. వేలిముద్ర ఒప్పుకున్నదానికి గుర్తు, పుచ్చుకున్నదానికి కాదు అంది.

జోగారావు గుండీ సర్దుకుని, "కొత్తగా ఒక కుండ తీపినీళ్ళు ఇచ్చామండీ. పద్ధతి ప్రకారం" అన్నాడు.

జనంలోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. టీచరు తలాడించింది. కొత్త మాటకి కొత్త కుండ, అది చాలు అంది. తరవాత నూకరత్నాన్ని అడిగింది, కుండ మీ ఇంట్లో పుచ్చుకున్నారా అని.

మా పిల్ల నా వైపు చూసింది. చూసి తల దించుకుంది. "ఆ సంగతి నన్నడక్కండి టీచరు గారూ" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. పన్నెండేళ్ళు నాచు కోస్తుంది గానీ నాన్న పరువు మాత్రం కొయ్యదు. నేను లేవాలి. లేద్దామనే అనుకున్నాను. ఇంతలో పైడమ్మ లేచింది.

"టీచరు గారూ, నాకొక సందేహం. ఈయన కుండ సంగతి ఎత్తొద్దని నా దగ్గర మాట పుచ్చుకున్నాడు. బదులుగా నాకేమీ ఇవ్వలేదు. ఒక్క పప్పుండైనా ఇవ్వలేదు, మొన్నవి కూడా ఆయనే తిన్నాడు. మీరు చెప్పిన లెక్కన ఆ మాట చెల్లుతుందా?"

టీచరు పెదవి బిగించి నవ్వాపుకుంది. "చెల్లదమ్మా."

"అయితే వినండి" అని మొదలుపెట్టింది. ఆవిడ చెప్పడం మీకు తెలియదు. గడపా, కుండా, నా రెండు వద్దులూ, చాచిన నా చేతులూ, లోపల గరిట చప్పుడూ, చివరికి నెత్తళ్ళ మూట, ఒక్కటీ వదల్లేదు. నా గొంతు కూడా అనుకరించింది. జనం నవ్వి నవ్వి తెప్ప ఇటువైపు ఒరిగింది. నేను తువ్వాలు తలమీదికి లాక్కున్నాను, గంగులు కప్పిన ఆ తువ్వాలే.

టీచరు మాత్రం నవ్వలేదు. మాటా, మూటా మీ ఇంటి నుంచి బయటికి వెళ్ళినట్టే ఉన్నాయి, లోపలికి వచ్చిందేదీ లేదే అంది. జోగారావుని, నిజమేనా అని అడిగింది. ఆయన లేచి నిలబడి, కుండ తెచ్చామండీ, తెచ్చాం అంటూ దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గు ఆగడం లేదు. నా పక్కనే నీళ్ళ చెంబుంది. మనిషి దగ్గుతుంటే చూస్తూ కూర్చోలేను కదా, శత్రువైతే మాత్రం. గ్లాసులో పోసి పట్టుకెళ్ళాను.

వద్దండీ అన్నాడు దగ్గుతూనే. పుచ్చుకోండి అన్నాను. పర్లేదండీ అన్నాడు. "తాగండి జోగారావు గారూ, గొంతు పట్టేస్తుంది" అన్నాను. పుచ్చుకుని గడగడా తాగేశాడు.

టీచరు ఆ గ్లాసునే చూస్తోంది.

"జోగారావు గారూ, సింహాచలం గారు మిమ్మల్ని మూడుసార్లు అడిగారు. మీరాయన్ని ఎన్నిసార్లు అడిగారు?"

ఆయన ఖాళీ గ్లాసు వైపు చూశాడు. మా ఊళ్ళో ఒకరి తీపినీళ్ళు తాగి వాళ్ళ ఎదుటే అబద్ధమాడరు. ఆయన కంపెనీ మనిషే గానీ పుట్టింది తెప్పలవాడలోనే.

"రెండుసార్లేనండీ" అన్నాడు.

"మూడోసారి ఎందుకు అడగలేదు?"

"మూడోసారి అడిగితే పుచ్చుకుంటారు కదండీ. కంపెనీ నాకిచ్చింది ఒక్కటే కుండ. ఇంకా చాలా ఇళ్ళు తిరగాలి." గ్లాసు కింద పెట్టి, "మనవాళ్ళు రెండుసార్లూ వద్దంటారని వాళ్ళకి తెలుసండీ. ఆ ధైర్యంతోనే ఒక్కటిచ్చారు" అన్నాడు.

నా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎర్రయ్య.

"ఆ కుండకి మూతి దగ్గర పెచ్చు ఊడి ఉంటుందా?" అని అడిగాడు.

"ఉంటుందండీ" అన్నాడు జోగారావు.

"అయితే మా ఇంటికొచ్చిందీ అదే" అన్నాడు ఎర్రయ్య, తెప్ప పలకల కేసి చూస్తూ.

నేను వెనక్కి తిరిగాను. "నువ్వూ వద్దన్నావురా?"

"మనలో మనకెందుకండీ అన్నాను బావా."

అవతలి వరసలో ఒకావిడ, మా ఇంటికీ పెచ్చు కుండే అంది. ఇంకో మూల నుంచి ఇంకొకాయన. వలకత్తెలున్న ప్రతి ఇల్లూ ఒక్కొక్కటిగా చెయ్యెత్తింది. ఊళ్ళో నేనొక్కణ్ణే తెలివితక్కువవాణ్ణని కుమిలిపోయాను. చూడబోతే ఇంటికొకణ్ణి ఉన్నాం, ప్రతివాడూ తక్కినవాళ్ళంతా కుండ పుచ్చుకున్నారనుకుని నోరు మూసుకున్నాడు.

భ్రమరాంబ టీచరు తక్కెడ మీద చెయ్యి పెట్టి చెప్పింది: ఇటు నుంచి మాట వెళ్ళింది, అటు నుంచి ఏదీ రాలేదు. గడప దాకా తెచ్చి వెనక్కి తీసుకెళ్ళింది ఇచ్చినట్టు కాదు. నూకరత్నం చేతికి కట్టు లేదు, ఆ పెచ్చు కుండ తిరిగిన ఏ ఇంటి వలకత్తె చేతికీ లేదు.

తరవాత నన్ను చూసి, మీ మొహమాటం మంచి పనే చేసింది సింహాచలం గారూ అంది. అది పొగడ్తో తిట్టో ఇంకా తేల్చుకోలేదు. పొగడ్త అనే చుట్టాలకి చెబుతాను.

7

విచ్చుకుందండీ! గాలి తూర్పు, మంచు ముద్దగా ఉంది, అలలున్నాయో లేవో గానీ నా కళ్ళలో మాత్రం ఉన్నాయి.

పొద్దున్న నూకరత్నం స్తంభమెక్కింది. పగిలిన వేళ్ళకి పైడమ్మ రాత్రి నుంచీ నూనె రాస్తూనే ఉంది. చెయ్యి వేసింది. వల ఒక్క క్షణం ఆలోచించింది. కొడవలి పట్టిన చేతిని గుర్తుపట్టొద్దూ మరి. తరవాత కింది అంచు కదిలింది, పైకి పాకింది, వలంతా ఒళ్ళు విరుచుకుని తెరుచుకుంది. కాసేపటికి వల కింది నీళ్ళ గొట్టంలో మొదటి చుక్క టప్పుమంది. మా పిల్ల పై నుంచి నన్ను చూసి, "నాన్నా, పళ్ళెంలో ఉండలు ఉంచావా, తినేశావా?" అని అడిగింది. ఊరంతా విన్నారు. విననీ.

ఇంకో సంగతి. ఉమ్మడి సంఘంవాళ్ళు పద్ధతి ప్రకారం కొత్త కుండ నిండా, మా పిల్ల వల పట్టిన మొదటి నీళ్ళే తెచ్చి నా ముందు పెట్టారు. పుచ్చుకో... అన్నాడు పెద్దాయన. "...ండి" అనేలోపు కుండ నా చంకలో ఉంది. మొదటిసారికే పుచ్చుకున్నాను. జనం నవ్వారు. ఈసారి మూడోసారి దాకా ఆగే ప్రసక్తి లేదు, ఇది మా పిల్ల ఉద్యోగం. చెల్లాలి.

జోగారావు కూడా వచ్చి చివర్లో నిలబడ్డాడు. కంపెనీ పని మానేశాడట. మూడుసార్లు అడిగి ఇంటికి తీసుకొచ్చాను. పులుసు ఉడుకుతోంది.

ఇక కబురు చెప్పాల్సినవాళ్ళు. తూనీగలు ఇంకా లేవు, తెడ్డు ఉంది:

పెద్దక్క సూరమ్మకి. ముందు కూర్చోబెట్టి, పక్కన చెంబు పెట్టి చెప్పాలి. అప్పుడు ఏడిచింది ఉత్తపుణ్యానికని తెలియనివ్వకూడదు.

తమ్ముడు గంగులుకి. తువ్వాలు తిరిగి ఇవ్వబోవాలి. వాడు రెండుసార్లు వద్దంటాడు. మూడోసారి అడగను.

తోడల్లుడికి, వాళ్ళావిడకి. ఎండురొయ్యలు తినేశామని కూడా చెప్పాలి.

అత్తగారికి. రెండుసార్లు.

బావమరిది ఎర్రయ్యకి. అక్కడే ఉన్నాడు, అన్నీ విన్నాడు. అయినా తాడు ఇవతల నుంచి గట్టిగా చెప్పాలి, పెచ్చు కుండతో సహా.

ఎర్రయ్య కోడలికి. దాని చేతి కట్టూ పోయింది, కానీ వాడు ఇంట్లో ఇంకా చెప్పి ఉండడు.

పైడమ్మకి. నా పక్కనే కూర్చుని పులుసు కలుపుతోంది. ఇదంతా చేసిందే ఆవిడ. అయినా మొదట్నుంచీ మళ్ళీ చెప్పమంటోంది, గడప దగ్గర నేను చేతులు చాచి నిలబడిన దగ్గర్నుంచి.